మెదడుకు రక్షణ అంటూ అమ్ముతున్న యాంటీ రేడియేషన్ స్టిక్కర్లు కొనకండి (విశాఖ)

మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇద్దరు టేబుల్ వేసి ఫోన్ స్టిక్కర్లు, మెడలో వేసుకునే లాకెట్లు అమ్మారు. నాన్నగారు సెట్టు 4,500 పెట్టి తీసుకున్నారు. ఆయనకు తరచూ తలనొప్పి. సెల్ తరంగాలు మెదడు రక్షణ గోడను పాడుచేస్తున్నాయని వాళ్లు నమ్మించారు.

ఆ రక్షణ గోడ నిజంగానే ఉంది. మెదడులోని సన్నని రక్తనాళాల్లో కణాలు బిగుతుగా అతుక్కుని, రక్తంలోని అక్కర్లేని పదార్థాలను లోపలికి పోనివ్వవు. దాన్నే బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ అంటారు. 2003లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో సాల్ఫోర్డ్ బృందం ఎలుకలను రెండు గంటలపాటు సెల్‌ఫోన్ తరంగాల్లో ఉంచి, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మెదడులోకి కారిందని ప్రకటించింది. అమ్మేవాళ్లు చూపించింది ఆ ఎలుక మెదడు ఫోటోలే. 2009లో జపాన్, ఫ్రాన్స్ బృందాలు మళ్లీ పరీక్షిస్తే ఆ లీకేజీ కనిపించలేదన్న మాట మాత్రం ఎత్తలేదు. మనుషుల్లో అలా జరుగుతుందని రుజువు కాలేదు. ఇంకా పరిశోధన జరగాలంటే నేనూ ఒప్పుకుంటాను, కానీ ఈ స్టిక్కర్ దేన్ని ఆపుతుంది?

వాళ్లు రేడియేషన్ కొలిచే మీటరుతో చూపించే డెమో దగ్గర కళ్లు పెట్టి చూడండి. కాల్ కలుస్తుండగా మీటరు పెడితే ఎర్ర లైటు, కీచుమని మోత. తర్వాత స్టిక్కర్ అంటించి, కాల్ నడుస్తుండగా పెడితే పచ్చ లైటు. ఫోన్ కలిసేటప్పుడు ఎక్కువ పవర్ వాడి, కలిశాక దానంతట అదే తగ్గించుకుంటుంది. స్టిక్కర్ లేకుండా రెండోసారి చూపించమని మా తమ్ముడు అడిగితే మీటరు బ్యాగులో పెట్టేశారు. పైగా సిగ్నల్‌ను నిజంగా అడ్డుకునే కవరైతే, టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఇంకా ఎక్కువ పవర్‌తో పనిచేస్తుంది.

లాకెట్లయితే పిల్లల మెడలో అసలు వేయకండి. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ ఇలా అమ్ముతున్న పది వస్తువుల్లో రేడియోధార్మికత ఉందని తేల్చి, వాడొద్దని హెచ్చరించింది.

నాకు కోపం డబ్బు గురించి కాదు. స్టిక్కర్ ఉంది కదా అని నాన్నగారు డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేశారు. బలవంతంగా తీసుకెళ్తే బీపీ బాగా ఎక్కువుందని తేలింది.

ఫోన్ గురించి టెన్షన్ ఉంటే స్పీకర్‌లోనో వైరు ఇయర్‌ఫోన్స్‌తోనో మాట్లాడండి. *#07# కొడితే మీ ఫోన్ సార్ (SAR) విలువ, అంటే ఫోన్ తరంగాల శక్తిని ఒళ్లు ఎంత పీల్చుకుంటుందో చెప్పే కొలత వస్తుంది, మన దేశంలో పరిమితి కిలోకు 1.6 వాట్లు. దీనికి పైసా ఖర్చు లేదు.

మాకు ఇచ్చిన బిల్లు తెల్లకాగితం, జీఎస్టీ నంబర్ లేదు. "సీల్ విప్పేశారు కదండీ" అని వాపసుకు ఒప్పుకోలేదు. ఇప్పటికే కొన్నవాళ్లుంటే బిల్లు, ప్యాకెట్ ఫోటోలు తీసి పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. మేమూ ఫిర్యాదు పెట్టాం.