జాగ్రత్త: పాత ఏఆర్-3ఎ స్పీకర్లు కొనబోతున్నారా? గ్రిల్ తీయనివ్వకపోతే లేచి వచ్చేయండి

చెన్నైలో పాత హైఫై సెట్ల కోసం వెతికే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నా. పోయిన నెల 85,000 పెట్టి ఒక జత స్పీకర్లు కొన్నాను. జత అని నేననుకున్నాను గానీ ఇంటికొచ్చింది ఒకటిన్నర.

సరుకు అక్యూస్టిక్ రీసెర్చ్ వాళ్ళ ఏఆర్-3ఎ. ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి పేరు చాలు. లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు: 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అమెరికాలో పెట్టిన కంపెనీ ఇది. బాక్సులోకి గాలి పోకుండా, రాకుండా బిగించేసి, లోపల ఉన్న గాలినే స్ప్రింగులా వాడుకుని, మరీ పెద్దది కాని బాక్సులోంచి లోతైన బేస్ రప్పించారు. 1967లో వచ్చిన 3ఎలో 12 అంగుళాల ఊఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకరు), దానిపైన రెండు డోములు ఉంటాయి: గొంతులాంటి మధ్య శబ్దాలకి మిడ్, సన్నటి పై శబ్దాలకి ట్వీటర్. ఈ బిగించిన గాలి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అమ్మినాయన ఎవరో, ఏ పేటో చెప్పను. ఫోన్‌లో నా తమిళం విని, "మీరు తెలుగువాళ్ళా?" అన్నాడు. ఆయనది నెల్లూరు వైపట. అక్కడే సగం పడిపోయాను. వెళ్తే కాఫీ ఇచ్చారు. కూర్చోబెట్టి ఘంటసాల పాటలు పెట్టారు. పద్యం అందుకోగానే గొంతు గది మధ్యలో నిలబడింది. నిజం చెప్పాలంటే కళ్ళు చెమర్చాయి. మా నాన్నగారి రేడియో గుర్తొచ్చింది. "మనోళ్ళు కాబట్టి ఈ రేటు, వేరేవాళ్ళకైతే లక్షకి తగ్గను బాబూ" అన్నాడాయన. గ్రిల్, అంటే బాక్సు ముందు గుడ్డ మూత, తీసి చూపించమన్నాను. "అంటించిన గుడ్డ, తీస్తే చిరుగుతుంది, ఒరిజినాలిటీ పోతుంది" అన్నాడు. సరే అని ఊరుకున్నాను.

ఆ పాటలు ఎందుకు పెట్టాడో నాకు వారం తర్వాత వెలిగింది. ఆ కాలం సినిమా పాటలు మోనో రికార్డింగులు, అంటే రెండు బాక్సుల్లోనూ ఒకే ధ్వని. వాటిలో అట్టడుగు బేస్ తక్కువ, పై కొస ట్రెబుల్ కూడా తక్కువ. ఉన్నదంతా మధ్యలో, గొంతులో ఉంటుంది. ఊఫర్ గీసుకుంటున్నా, ట్వీటర్ మూగబోయినా బయటపడదు. ఎడమ బాక్సు ఒకలా, కుడి బాక్సు ఒకలా మోగుతున్నా, రెండింట్లోంచీ వచ్చేది ఒకే పాట కాబట్టి చెవి సర్దుకుపోతుంది. పైగా స్పీకర్లని నడిపే ఆంప్‌లో లౌడ్‌నెస్ బటన్ నొక్కి ఉంది. చిన్న సౌండ్‌లో బేస్‌నీ ట్రెబుల్‌నీ ఎత్తి చూపించడమే దాని పని. ఆ బటన్ వెలుగు నాకు కనబడుతూనే ఉంది, ఘంటసాల ముందు దాన్ని ఎవరు పట్టించుకుంటారు! సౌండ్‌ని ఒక్క బాక్సుకే మళ్ళించే బ్యాలెన్స్ నాబ్ ఒక్కసారి అటూ ఇటూ తిప్పినా దొంగతనం బయటపడేది. తిప్పలేదు.

ఇంటికి తెచ్చాక మరుసటి రోజు మృదంగం తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) పెట్టాను. తొప్పి, అంటే మృదంగంలో బేస్ పలికే వైపు, మీద దెబ్బ పడినప్పుడల్లా ఎడమ బాక్సులోంచి గర్‌మని గీరిన చప్పుడు. కుడి బాక్సులో ఆ చప్పుడు లేదు, తొప్పీ లేదు. ఉత్త డప్పులా టప్‌టప్ అంటోంది. మా ఆవిడ వంటింట్లోంచే, "నాన్నగారి పాత సోనోడైన్ స్పీకర్లే బాగున్నాయి కదండీ" అంది. పక్కపక్కన పెట్టి, సౌండ్ సమానం చేసి విన్నాను. ఆవిడ చెప్పిందే నిజం.

మల్టీమీటర్ తీశాను. వైర్లు ఊడదీసి, వెనక టెర్మినల్స్ దగ్గర ఓమ్‌లు (కరెంటుకి ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత) చూస్తే ఎడమది 3 దగ్గర, కుడిది 6 దాటి చూపించింది. 3ఎ నాలుగు ఓమ్‌ల స్పీకరు. మీటర్ మీద ఎప్పుడూ రాసినదానికంటే కొంచెం తక్కువే వస్తుంది కాబట్టి ఎడమది సబబే. ఒకే జతలో రెండోది దానికి రెట్టింపు చూపిస్తే లోపల ఎవరో వేరేవాళ్ళు కాపురం ఉన్నట్టు.

గ్రిల్ తీశాను. గుడ్డ చిరగలేదు, చక్కగా ఊడొచ్చింది. అదివరకే పదిసార్లు తీసినట్టుంది. రెండు ఊఫర్లనీ ఊడదీసి, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదే ఉంచుకుని, కుడి ఊఫర్‌ని ఇలా తిప్పి చూసి, "ఇదు స్టేజ్ స్పీకర్ సార్" అన్నాడు. పెళ్ళి పందిట్లో కట్టే సరుకు, ఎనిమిది ఓమ్‌లు. రంధ్రాలు సరిపోక చుట్టూ ఎంసీల్ మెత్తారు. ఎంసీల్ పగిలి గాలి లీకవుతోంది. గాలే స్ప్రింగు అయిన బాక్సులో గాలి నిలవకపోతే బేస్ ఎక్కడినుంచి వస్తుంది?

ఎడమ ఊఫర్ ఒరిజినలే. దాని కథ వేరు. తొలి 3ఎలకి కోన్ (ఊఫర్‌లో ఊగే గరాటు) చుట్టూ దాన్ని పట్టుకునే గుడ్డ సరౌండ్ ఉండేది, తర్వాతవాటికి ఫోమ్ వచ్చింది. పాలీయురెథేన్ ఫోమ్ తేమకీ గాలికీ పదిహేను ఇరవై ఏళ్ళలో జిగటగా మారి పొడైపోతుంది. మన మెరీనా గాలి గురించి చెప్పక్కర్లేదు. ఫోమ్ పోవడం తప్పు కాదు, మోసమూ కాదు. కొత్తది వేయించుకోవచ్చు. కానీ దానికో పద్ధతుంది. కోన్ మధ్యలో డస్ట్ క్యాప్ అనే మూత జాగ్రత్తగా కోసి తీయాలి, దాని కింద కోన్‌ని కదిలించే తీగచుట్ట, వాయిస్ కాయిల్, చుట్టూ సన్నటి ప్లాస్టిక్ ముక్కలు దూర్చి సరిగ్గా మధ్యలో నిలబెట్టాలి, అప్పుడు కొత్త ఫోమ్ అంటించాలి, ఆరాక ముక్కలు లాగేసి క్యాప్ మళ్ళీ పెట్టాలి. నా ఊఫర్‌కి క్యాప్ ముట్టుకోనేలేదు. కంటి అంచనాతో ఏదో మందపాటి రబ్బరు రింగు అంటించేశారు, అదీ ఫెవికాల్‌తో. కాయిల్ ఒక పక్కకి ఒరిగి మాగ్నెట్‌కి రాసుకుంటోంది. బరువైన రబ్బరు వల్ల కోన్ కదలిక కూడా బిగుసుకుపోయింది.

ఒకటి మాత్రం అమ్మినాయన మీద వేయను. ఎడమ బాక్సులో ట్రెబుల్ దాదాపు లేదు, మొదట ట్వీటర్ కాలిపోయిందనే అనుకున్నా. ఏఆర్ బాక్సుల వెనక మిడ్‌కీ ట్వీటర్‌కీ సౌండ్ తగ్గించుకునే రెండు నాబులు ఉంటాయి. వాటి లోపల చిలుము పట్టడం ఈ కంపెనీ పాత బాక్సులన్నిట్లో మామూలే. తీసి శుభ్రం చేస్తే ట్వీటర్ లేచి కూర్చుంది. కొనేముందు ఆ నాబులు తిప్పి చూడండి, కరకరమంటే బేరానికి పనికొస్తుంది, అంతే. భయపడి పారిపోకండి.

కుడి బాక్సు అడుగున కొత్తగా నల్ల పెయింటు ఉంది. గీకి చూస్తే చెక్క ఉబ్బి, నాలుగు వేళ్ళ ఎత్తున నీటి చార. 2015 డిసెంబరు వరదలో ఎన్ని ఇళ్ళల్లో సామాను తడిసిందో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. మళ్ళీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను. ఇది ఏ నీరో నాకు తెలీదు గానీ, ఈ ఊళ్ళో పాత బాక్సు కొంటే దాన్ని తలకిందులు చేసి చూడందే డబ్బు తీయకండి. ఒక్కోటి ఇరవై కిలోల పైనే, అయినా సరే, ఎవర్నైనా తోడు తీసుకెళ్ళి ఎత్తించండి.

ఫోన్ చేస్తే ఆయనేమన్నాడో తెలుసా? "మీరు గంటసేపు కూర్చుని విని కొన్నారు కదా బాబూ." నిజమే కాబట్టి నోట మాట రాలేదు. రసీదు లేదు, డబ్బులో సగం నగదు. మూడోసారికి ఫోన్ ఎత్తడం మానేశాడు.

నేను విన్నాను, కానీ చూడలేదు, తాకలేదు. ఇప్పుడైతే పాట చివర పెట్టిస్తాను. ముందు గ్రిల్ తీయాలి. రెండు ఊఫర్ల కోన్‌లూ, స్క్రూలూ ఒకేలా ఉన్నాయా చూడాలి. రెండు చేతుల వేళ్ళతో కోన్‌ని మధ్యకి దగ్గరగా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కాలి. గీసుకుంటే చేతికే తెలుస్తుంది. మూసిన బాక్సు అయితే వదిలాక కోన్ బద్ధకంగా, నిదానంగా వెనక్కి రావాలి. టక్కున వచ్చిందంటే గాలి ఎక్కడో పోతోంది. డోములు మాత్రం పొరపాటున కూడా ముట్టుకోకండి, నొక్కుకుపోతాయి. 1.5 వోల్టుల పెన్‌సిల్ సెల్ ఒకటి జేబులో వేసుకెళ్ళి, ప్లస్‌కి ప్లస్ తాకించి, రెండు ఊఫర్లూ ఒకే వైపు కదులుతున్నాయో లేదో చూడండి. ఆ తర్వాత మీ పాట, మీ ఫోన్‌లోంచి, లౌడ్‌నెస్ తీసేసి, బ్యాలెన్స్ ఒకసారి పూర్తిగా ఎడమకి, ఒకసారి కుడికి. ఇందులో దేనికి అడ్డుచెప్పినా కాఫీ తాగి వచ్చేయండి.

ఎడమ ఊఫర్‌కి సరైన ఫోమ్ తెప్పించి రిచీ స్ట్రీట్ పెద్దాయన చేత వేయించాను. ఇప్పుడు తొప్పి గుండెల్లో మోగుతోంది, ఒక పక్కన మాత్రమే. రెండో పక్క ఖాళీ బాక్సు పెట్టి ఉంది. ఎవరి దగ్గరైనా 3ఎ ఒరిజినల్ ఊఫర్ ఒంటరిగా పడి ఉంటే చెప్పండి. ఫోమ్ పొడైపోయినా పర్లేదు, తీసుకుంటాను. ఫోటో మాత్రం వెనకా ముందూ తీసి పంపండి.