టర్ఫ్ బాగుంది, ఆదివారం పొద్దున తెరవకపోవడం ఇంకా బాగుంది (కడప)

కడప బైపాస్ పక్కన కొత్తగా పెట్టిన బాక్స్ క్రికెట్ టర్ఫ్ ఇది. గంటకు 800. లైట్లు బాగున్నాయి. పైన నెట్ మాత్రం ఒక మూల చిరిగింది, గట్టిగా కొడితే బంతి పక్క చేలో పడుతుంది, మనమే పోయి వెతుక్కోవాలి. ఎండపూట వెళ్లొద్దు, పచ్చిక కింద పోసిన నల్ల రబ్బరు పలుకులు కాలిపోతుంటాయి, పైగా బూట్లలోకి దూరుతాయి.

చాలామంది స్టార్లు కోసింది ఆదివారం ఒంటిగంట దాకా గేటు తీయరనే. ఓనరన్న చర్చికి పోయే మనిషి, ఆరాధన అయ్యాకే ఆట. మా జట్టులో అందరం చర్చిల వాళ్లమే, కానీ ఈ విషయంలో ఏ ఇద్దరికీ పొసగదు. మా పెదనాన్నది పాత మిషన్ పద్ధతి, ప్రభువు దినాన బ్యాటు ముట్టుకోకూడదంటాడు, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హీట్స్ ఆదివారం పడ్డాయని 100 మీటర్లు వదిలేసుకుని 400 మీటర్లలో బంగారం కొట్టిన ఎరిక్ లిడెల్ గురించి ఎత్తుతాడు. "ఆయన వదిలింది ఒలింపిక్స్ పెదనాన్నా, మనది ఆరు ఓవర్ల ఆట" అంటాడు మా బౌలరు. గుంటూరు లూథరన్ కుర్రాడేమో, ఆదివారం క్రమం కోసం పెట్టుకున్న ఏర్పాటే గాని తప్పనిసరి ఆజ్ఞ కాదని లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులోనే ఉందంటాడు. శనివారాన్నే విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు తమ్ముడికి ఆదివారంతో పేచీయే లేదు, వాడు శనివారం పొద్దు గుంకేదాకా రాడు, అంతే.

నిజానికి ఓనరన్న రూలు కొత్తదేం కాదు. 1618లో ఇంగ్లండు రాజు జేమ్స్ కూడా ఆదివారం గుడికి వెళ్లొచ్చినవాళ్లు తర్వాత విలువిద్య, నాట్యం లాంటివి ఆడుకోవచ్చని ప్రకటన ఇచ్చాడు, ఆదివారం ఆటలే కూడదనే కఠిన ప్రొటెస్టంట్లయిన ప్యూరిటన్లు మండిపడ్డారు, 1643లో పార్లమెంటు ఆ ప్రకటన ప్రతులను తగలబెట్టించింది. ఆ ప్యూరిటన్ల వైపు పండితులు కూర్చిన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం అయితే ఆదివారం పనులతో పాటు వినోదాలు కూడా మానాలంది.

నాకైతే ఆట తప్పనిపించదు. కానీ మనం పొద్దున ఏడింటికే ఆడాలంటే వికెట్లు పాతి, నీళ్ల క్యాన్లు మోసే పిల్లాడు ఆరింటికే రావాలి కదా, వాడి ఆరాధన సంగతేంటి? నీ దాసుడు కూడా పని చేయకూడదనే ఉంది బైబిల్లో విశ్రాంతి దినపు ఆజ్ఞలో. వాదించుకునేటప్పుడు మాలో ఒక్కరికీ వాడు గుర్తుకు రాలేదు, ఓనరన్నకు వచ్చాడు. అందుకే ఐదు స్టార్లు ఇద్దామనుకున్నా, నెట్ వల్ల నాలుగు.

ఆదివారం సాయంత్రం స్లాట్ కావాలంటే శనివారం రాత్రే ఫోన్ చేయండి, పొద్దున ఎత్తరు.