పాత ఆల్టోకి సొట్టలు తీయిస్తే ఏది నిలిచింది, ఏది ఊడింది

నాది 2009 మోడల్ ఆల్టో, తెల్లది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పటికే కుడి వెనక తలుపుకి ఓ సొట్ట ఉంది. మిగతావి నెల్లూరు వచ్చాక పడ్డవి. ట్రంకు రోడ్డులో ఆటో రాసుకుపోయింది ఒకటి, రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర పార్కింగులో ఎవరో తగిలించి చెప్పకుండా పోయింది ఒకటి. ఇందుకూరుపేట రోడ్డులో గేదె తల విసిరితే బానెట్ అంచున పడింది ఇంకొకటి. గేదె మీద కేసు పెట్టలేం కదా. అలా ఇన్నేళ్లలో ఒకే బండి మీద చవక పనీ, ఖరీదు పనీ, ఇంట్లో సొంత పనీ అన్నీ చూశాను. అమ్మితే పెద్దగా రాని బండికి ఎంత ఖర్చు పెట్టాలని ఆలోచిస్తున్నవాళ్లకి ఇది పనికొస్తుంది.

నా లెక్క ఒకటే. పాత బండికి సొట్ట శత్రువు కాదు, తుప్పు శత్రువు. రంగు చెదరకుండా లోపలికి నొక్కుకుపోయిన సొట్టని ఏళ్ల తరబడి వదిలేసినా ఏమీ కాదు. నా బండికి అలాంటివి ఇప్పటికీ రెండు మూడున్నాయి. రంగు లేచి రేకు కనిపించిందంటే మాత్రం వేలెడంత గీతైనా ఆగకూడదు. మైపాడు వైపు తిరిగే బండైతే మరీను. ఉప్పు గాలికి తోడు రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు రోడ్డంతా ఉంటాయి. వాటి వెనక వెళ్లినప్పుడు చక్రాల పైభాగం, తలుపుల కింది అంచులు తడిసిపోతాయి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

ముందుగా చవక పని సంగతి. ఎడమ ముందు ఫెండర్‌ని, అంటే ముందు చక్రం పైనుండే రేకుని, రోడ్డు పక్క షెడ్డులో ఇచ్చాను. పొద్దున ఇస్తే సాయంత్రానికి తళతళలాడుతూ చేతికొచ్చింది, ఖర్చు కూడా రెండు వేల లోపే. మన దగ్గర అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఆ వానలు అయ్యి సంక్రాంతి వచ్చేసరికి ఫెండర్ మీద కందిగింజలంత బుడగలు లేచాయి. ఎండాకాలంలో ఒక పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. చూస్తే లప్పం, రెండు మేరీ బిస్కెట్లు కలిపినంత మందం! దాని కింద రేకుని సుత్తితో ఒక్క దెబ్బైనా కొట్టలేదు. గుంటని గుంటలాగే ఉంచి లప్పంతో పూడ్చి, పైన రంగు కొట్టారు. పైన పటారం, లోన లొటారం. వెళ్లి అడిగితే "ఈ రేటుకి ఇంతే సార్" అన్నాడు. అందులో అబద్ధం లేదు గానీ, ముందే చెప్పి ఉంటే బాగుండేది.

లప్పం వాడటం తప్పని కాదు, వాడని టింకరింగ్ షాపు ఎక్కడా లేదు. డబ్బాలో బూడిదరంగు ముద్ద, దాంతోపాటు చిన్న ట్యూబులో హార్డెనర్ వస్తాయి. రెండూ కలిపితే పావుగంటలో గట్టిపడుతుంది. రేకుని కొట్టి దాదాపు సమం చేశాక మిగిలిన చిన్న ఎగుడుదిగుడుల కోసం తయారైన సరుకు అది. రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే రేకు ఎండకి సాగినప్పుడల్లా అది పగులుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ లప్పం నీళ్లు పీలుస్తుంది. తొందరలో దాన్ని నీళ్లు పోసి వాటర్ పేపర్‌తో రుద్ది, ఆరిందో లేదో చూడకుండా రంగు కొడితే ఆ తడి లోపలే ఉండిపోయి తర్వాత బుడగలై లేస్తుంది. అందుకే ఇప్పుడు పని ఇచ్చేటప్పుడు నేను మొదట అడిగేది "లప్పం పొడిగా రుద్దుతారా, నీళ్లతోనా?" అని. దానికి తిన్నగా జవాబు చెప్పినవాళ్లకే బండి ఇస్తాను.

కుడి వెనక తలుపు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర చేయించాను. నా దృష్టిలో ఈ బండి మీద పెట్టిన ఖర్చుల్లో సార్థకమైంది అదే. ఆయన ముందు లోపలి ప్యాడ్ ఊడదీశారు. ఇనుప దిమ్మెని లోపలివైపు ఆనించి పట్టుకుని బయట నుంచి చిన్న సుత్తితో కొట్టడం మొదలుపెట్టారు. నేనైతే గుంట మధ్యలో కొడతారనుకున్నా. కాదు, చుట్టూ ఉబ్బిన గట్టు నుంచి మొదలుపెట్టి మెల్లగా లోపలికొచ్చారు. కాసేపటికి గుంట పోయింది గానీ వేలితో నొక్కితే రేకు టక్కున లోపలికి పోయి టక్కున బయటికొస్తోంది. "భాయ్, ఇదేంది?" అన్నా. "రేకు సాగింది సార్. ఇంక కొట్టేకొద్దీ సాగుద్దే గానీ తగ్గదు, కొంచెం కాల్చాల" అని గ్యాస్ మంటతో రూపాయి బిళ్లంత చోట ఎర్రగా కాల్చి, సుత్తితో రెండు తట్టి, తడిగుడ్డ అద్దారు. చుయ్యిమంది. అలా నాలుగైదు చోట్ల చేసేసరికి రేకు బిగుసుకుంది. వేడికి ఉబ్బి, చల్లారేటప్పుడు ముడుచుకునే గుణాన్నే అక్కడ వాడుకున్నారు.

ఆ తర్వాత ఆయన కళ్లు మూసుకుని అరచేతిని తలుపు పొడవునా జరిపారు. ఒకచోట ఆగి సుద్దతో గీత పెట్టారు. నేను ఎంత తేరిపార చూసినా అక్కడ నాకేమీ కనబడలేదు. తర్వాత కిరసనాయిలు గుడ్డతో తుడిచి ట్యూబ్‌లైట్ కింద పెడితే, సరిగ్గా ఆ గీత దగ్గరే లైటు నీడ వంకరపోయింది. పై పూతకి లప్పం పలచగా సరిపోయింది. తుప్పు పట్టిన చోటల్లా గీకేసి, ఆ రోజే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టారు. మన గాలికి రేకుని ఒక్క రాత్రి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి పొర కడుతుంది. షాపు వదిలిపెట్టే ముందు తలుపు కింది అంచులో నీళ్లు పోయే రంధ్రాల్లో మట్టి తీసి చూపించారు. అవి మూసుకుంటే అద్దం మీద నుంచి జారిన వాన నీళ్లు తలుపులోనే నిలిచి లోపలి నుంచి తింటాయి. అప్పటినుంచి బండి కడిగినప్పుడల్లా అగ్గిపుల్లతో అవి పొడవడం అలవాటైంది. 2021 నవంబర్‌లో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయిన రోజుల్లో బండి మా వీధిలో వానలోనే నానింది. అయినా ఆ తలుపు మీద ఇప్పటికీ ఒక్క బుడగ లేదు.

పాత బండి కొనేవాళ్లకి ఒక చిట్కా. పలచటి అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపులు, ఫెండర్ల మీద జరపండి. రేకున్న చోట అతుక్కుంటుంది, లప్పం మందంగా ఉన్న చోట జారిపోతుంది. ఈమధ్య మా బావమరిది కావలిలో ఒక బండి చూడటానికి తీసుకెళితే ఇలాగే చూశా. వెనక చక్రం పైభాగంలో ఎక్కడా పట్టలేదు. ఇంక బేరం దాకా పోలేదు.

ఆ పెచ్చులూడిన ఫెండర్‌ని చివరికి మార్చేశాను. ముందు ఫెండర్లు బోల్టులతో బిగించినవే కాబట్టి ఆల్టో లాంటి బండికి బయటి కంపెనీ ఫెండర్ తెచ్చి రంగు కొట్టించడం మరమ్మతు కంటే తేలిక, ఒక్కోసారి చవక కూడా. వెనక చక్రం పైన ఉండే భాగం అలా కాదు, అది బాడీకే వెల్డింగ్ అయి ఉంటుంది. అక్కడ సొట్ట పడితే కోసి అతికించమనకండి, వీలైనంతవరకు కొట్టించుకోవడమే మేలు.

ఇంట్లో చేసుకునే వాటి గురించి క్లుప్తంగా. ఆన్‌లైన్‌లో దొరికే రబ్బరు కప్పు పుల్లర్ తలుపు మధ్యలో వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న సొట్టకి బాగానే పనిచేసింది. అంచుల్లో, మడత పడిన చోట మాత్రం దండగ. ప్లాస్టిక్ బంపర్ నొక్కుకుపోతే మరిగే నీళ్లు పోసి వెనక నుంచి చేత్తో తోయండి, చాలావరకు వచ్చేస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఐస్ పెట్టే వీడియోలు చూసి నేనూ ప్రయత్నించాను. కరెంటు ఖర్చు తప్ప ఏమీ జరగలేదు.

రంగు విషయంలో తెల్ల బండివాళ్లు అదృష్టవంతులు. మారుతి సుపీరియర్ వైట్ మెటాలిక్ కాదు కాబట్టి కలపడం సులువు. ఏళ్ల ఎండకి పాత తెలుపు కాస్త పసుపు తిరుగుతుంది, అందుకని కొత్త షేడ్‌ని పెట్రోల్ మూత తీసుకెళ్లి దానికి సరిపోల్చుకున్నాం. సిల్వర్ బండైతే అదే కోడ్ రంగు కొట్టినా రంగు చిమ్మే గన్ పట్టే తీరుని బట్టి మచ్చలా కనిపిస్తుంది. ఇంకా, నవంబర్‌లో పెయింటింగ్ పెట్టుకోవద్దు. గాలిలో తేమకి డ్యూకో లాంటి త్వరగా ఆరే రంగు మీద తెల్లటి మసక దిగుతుంది. ఫిబ్రవరి, మార్చి అయితే హాయి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ గురించి కూడా అడుగుతుంటారు. పదేళ్లు దాటిన బండికి మామూలు పాలసీలో ఇనుప భాగాల మీద సగం తరుగుదల కింద పోతుంది. ప్లాస్టిక్ మీదా అంతే. పైగా 1500 సీసీ లోపు కార్లకి వెయ్యి రూపాయలు మన జేబులోంచే కట్టాలి, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. ఒక్క తలుపు కోసం క్లెయిమ్‌కి పోవడం శుద్ధ దండగ. 2024లో పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు టెన్షన్ పడి సొట్టలన్నీ తీయిద్దామనుకున్నా. అక్కడ చాసిస్ నంబరు, లైట్లు, బ్రేకులు చూశారు గానీ సొట్టల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో ఐదేళ్లకి ఇచ్చారు.

ప్రస్తుతం డిక్కీ తలుపు కింది అంచులో రంగు కాస్త ఉబ్బింది, గోటితో నొక్కితే మెత్తగా తగులుతోంది. సంక్రాంతి వెళ్లగానే ఆటోనగర్ పెద్దాయన దగ్గరే పెడతాను. ఆయన ఒక్క బండి పూర్తయ్యేదాకా ఇంకోటి ముట్టుకోరు, వారం పైనే పడుతుంది. తొందరున్నవాళ్లు ఆ దారి పట్టకండి.