శ్రీకాకుళం నుంచి సింగపూర్‌కు: విశాఖ నుంచి నేరుగానా, హైదరాబాదు మీదుగానా?

సింగపూర్‌కు టిక్కెట్టు కొనేటప్పుడు మన జిల్లాల్లో చాలామంది మొదట చూసేది ఛార్జీయే. దానితోపాటు దూరాన్నీ, పట్టే సమయాన్నీ లెక్క వేసుకోవడం మంచిది.

విశాఖపట్నం నుంచి సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం సుమారు 2,910 కిలోమీటర్లు. స్కూట్ సంస్థ నేరు విమానం దాదాపు 4 గంటల్లో చేరుస్తుంది. బంగాళాఖాతం మీదుగా ఆగ్నేయంగా సాగే ఈ దారికి నికోబార్ దీవుల ప్రాంతం ఇంచుమించు నడిమధ్య వస్తుంది. హైదరాబాదు మీదుగా వెళ్లేవారు ముందు పడమటికి 510 కిలోమీటర్లు పోయి, అక్కడి నుంచి మళ్లీ 3,310 కిలోమీటర్లు ఎగరాలి. తూర్పున ఉన్న ఊరికి చేరడానికి పడమటి దారి పట్టి, 900 కిలోమీటర్లు అదనంగా తిరగడమన్నమాట. గాలిలో గడిపే సమయం ఆరు గంటలకు చేరువవుతుంది. మధ్యలో మూడు గంటలు ఆగితే మొత్తం తొమ్మిది.

చెన్నై నుంచి సింగపూర్ దూరం సుమారు 2,925, భువనేశ్వర్ నుంచి 2,885 కిలోమీటర్లు. సింగపూర్‌ను కేంద్రంగా పెట్టి వృత్తం గీస్తే మన తూర్పు తీరం దాదాపు ఆ గీత వెంటే సాగుతుంది కనుక ఈ మూడు నగరాల మధ్య ఆకాశంలో తేడా లేనట్టే. తేడా అంతా నేల మీది దారిలోనే ఉంది. ఆ లెక్కన శ్రీకాకుళం, విజయనగరం వారికి విశాఖే దగ్గర, భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు ఎగిరితే ఆ దారి ఇంకా తగ్గుతుంది. ఇచ్ఛాపురం వారికి మాత్రం భువనేశ్వర్ కొంత దగ్గర. అయితే తాము వెళ్లే రోజున అక్కడి నుంచి నేరు విమానం ఉన్నదీ లేనిదీ ముందే చూసుకోవాలి.

టిక్కెట్టు మీది వేళలు చూసి ప్రయాణ సమయాన్ని అంచనా వేయకూడదు. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, రాత్రి 11 గంటలకు బయలుదేరి 4 గంటలు ఎగిరిన విమానం అక్కడ తెల్లవారి 5:30కి దిగుతుంది. తిరుగు ప్రయాణం కాగితం మీద గంటన్నరే అనిపిస్తుంది.

నా మటుకు నేరు విమానానికే మొగ్గు. హైదరాబాదు దారి ఛార్జీలో పెద్ద తేడా ఉన్నప్పుడే దండగ కాదు, అదీ రెండు విమానాలూ ఒకే టిక్కెట్టులో ఉంటేనే. విడివిడిగా కొంటే సామాను దించుకుని మళ్లీ అప్పగించాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం సాధారణంగా మనదే. చౌక సంస్థల కనీస ఛార్జీలో పెద్ద సామాను కలిసి ఉండదు గనుక, పలాస జీడిపప్పు, ఆవకాయ జాడీలతో బయలుదేరేవారు ఆ రుసుమును కూడా కలుపుకున్నాకే రెండు ధరలనూ పోల్చాలి.