టీచర్లకు ‘ఎడ్‌టెక్ డిప్లొమా’ అంటూ ఫోన్ వస్తే జాగ్రత్త: నాకు 24 వేలు పోయాయి

ఓటీపీ చెప్పకండి. మిగతాదంతా తీరిగ్గా చదువుకోండి కానీ ముందు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ‘సీటు రిజిస్ట్రేషన్ కోసం’ అని వాళ్లు అడిగే ఆ ఓటీపీ, మీ పేరు మీద అప్పు పుట్టించే ఓటీపీ. నాకు ఆ సంగతి రెండో వారంలో తెలిసింది.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌ని. పదిహేడేళ్ల సర్వీసు. మా బడికి ఐఎఫ్‌పీ ప్యానెల్స్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెరలు, వచ్చాక కొన్నాళ్లు దాన్ని పెద్ద టీవీలాగే వాడాను. వీడియో పెట్టడం, ఆపడం, అంతే. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి వచ్చి ‘మేడమ్, ఇట్లా రెండు వేళ్లతో లాగితే పెద్దదవుద్ది’ అని చూపించిన రోజు నిజంగా సిగ్గేసింది. ల్యాబ్‌లో చూస్తే పనిచేసే అమ్మీటర్లు రెండే. అరవై మంది పిల్లలు. ఈ ప్యానెల్ మీద ప్రయోగాలు చేయించడం ఎలాగో పద్ధతిగా నేర్చుకుందామని ఫోన్లో వెతికాను. నా తప్పంటూ ఉంటే అక్కడే మొదలైంది. ఒక ప్రకటన కింద నా నంబర్ ఇచ్చాను.

2025 జూన్‌లో బళ్లు తెరిచిన వారమే ఫోన్ వచ్చింది. అబ్బాయి మంచి తెలుగు మాట్లాడాడు. మొదటి కాల్‌లో ‘మేడమ్’, రెండో కాల్‌కి ‘అక్కా’. వాళ్లమ్మగారు కూడా టీచరేనట, మాది కూడా మీ వైపేనన్నాడు. ‘పీజీ డిప్లొమా ఇన్ ఎడ్యుకేషనల్ టెక్నాలజీ’, పదకొండు నెలలు, అంతా ఆన్‌లైన్, ఆదివారాలు లైవ్ క్లాసులు, రేపు ప్రమోషన్లకు పనికొస్తుంది, సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కించుకోవచ్చు. అసలు ఫీజు లక్షా పది వేలు, ప్రభుత్వ టీచర్లకు 72 వేలు, ఈ సాయంత్రం ఆరు వరకే. బ్రోచర్ మీద ఒక యూనివర్సిటీ ముద్ర కూడా ఉంది. దాని పక్కన సన్న అక్షరాల్లో ‘నాలెడ్జ్ పార్ట్‌నర్’ అని ఉందన్న సంగతి తర్వాత భూతద్దం పెట్టినట్టు చూస్తే కనపడింది.

కంపెనీ పేరు ఇక్కడ రాయట్లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇలాంటి వాళ్లు రెండేళ్లకోసారి పేరు మార్చుకుంటారు, కాబట్టి పద్ధతి తెలిస్తే చాలు.

ఒకేసారి 72 వేలు నా వల్ల కాదన్నాను. ‘అందుకేగా అక్కా నో కాస్ట్ ఈఎంఐ, నెలకు ఆరు వేలు, రూపాయి వడ్డీ లేదు’ అన్నాడు. పాన్, ఆధార్, ఒక సెల్ఫీ, మూడు ఓటీపీలు. మధ్యాహ్న భోజనం గంటలో, వరండాలో నిలబడి, పది నిమిషాల్లో అయిపోయింది. ఆ మూడింట్లో ఒకటి ఒక ఫైనాన్స్ కంపెనీతో అప్పు ఒప్పందానికి, ఇంకొకటి నా జీతం ఖాతాలోంచి ప్రతి నెలా 5న ఆటోమేటిగ్గా డబ్బు లాక్కునేందుకు అనుమతి. ‘అప్పు’ అన్న మాట ఆ అబ్బాయి నోట ఒక్కసారి కూడా రాలేదు.

ఈ నో కాస్ట్ లెక్క అర్థం చేసుకుంటే సగం మోసం అర్థమైనట్టే. ఫైనాన్స్ కంపెనీ తన వడ్డీని ముందే కోసుకుని, మిగతా మొత్తం కోర్సు కంపెనీకి వెంటనే కట్టేస్తుంది. అంటే వాళ్ల డబ్బు వాళ్లకు మొదటి వారంలోనే ముట్టింది. ఆ తర్వాత నేను చదివినా ఒకటే, మానేసినా ఒకటే. నేను బాకీ ఉన్నది ఫైనాన్స్ కంపెనీకి. దానికి కోర్సు బాగుందా లేదా అనేది సంబంధం లేని విషయం. ఒకరిని అడిగితే ఇంకొకరి మీద చెబుతారు. నాలుగు నెలలు నేను ఆ ఇద్దరి మధ్య బంతిలా తిరిగాను.

ఇక చదువు సంగతి.

లాగిన్ ఆరో రోజు సాయంత్రం వచ్చింది. ఆ వారం బేస్‌లైన్ పరీక్షలు, పేపర్లు దిద్దడంతో సరిపోయింది, తెరిచేసరికి ఆదివారం. మొదటి పాఠం సిమ్యులేషన్లతో, అంటే తెరమీద చేసే నమూనా ప్రయోగాలతో, సైన్స్ బోధన. నాకు కావాల్సింది అదే కదా, నోటు పుస్తకం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. వీడియోలో ఆయన చెబుతున్నాడు: ‘ముందుగా మీ కంప్యూటర్లో ఫ్లాష్ ప్లేయర్ ఇన్‌స్టాల్ చేసుకోండి.’ కదిలే బొమ్మల పాఠాలు నడిపే పాత సాఫ్ట్‌వేర్ అది. అడోబీ సంస్థ ఆ ఫ్లాష్‌కి 2020 డిసెంబర్ 31తో మంగళం పాడేసింది. 2021 జనవరి 12 నుంచి దానిలో ఏదీ నడవకుండా ఆపేసింది కూడా. నాలుగేళ్ల క్రితం పోయిన మనిషి చిరునామా ఇచ్చి వెళ్లి కలిసి రమ్మన్నట్టుంది.

సరే, ఒక పాఠం పాతదేమో అనుకున్నాను. మూడో మాడ్యూల్ పూర్తిగా ఎడ్మోడో అనే ఆన్‌లైన్ తరగతి వేదిక మీద. అందులో తరగతి గది ఎలా తెరవాలి, హోంవర్క్ ఎలా ఇవ్వాలి, గంటన్నర చెప్పారు. ఎడ్మోడో 2022 సెప్టెంబర్‌లోనే మూతపడింది. ఐదో మాడ్యూల్‌లో అసైన్‌మెంట్: గూగుల్ జామ్‌బోర్డులో విద్యుత్ వలయం గీసి లింకు పంపాలి. జామ్‌బోర్డు 2024 డిసెంబర్ 31న ఆగిపోయింది. తెరుచుకోవట్లేదని మెంటర్‌కి రాశాను. ‘దయచేసి వేరే బ్రౌజర్‌లో ప్రయత్నించండి’ అని జవాబు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక మా ఆయనకి చూపించాను. ఆయన నవ్వారు.

ఆదివారం లైవ్ క్లాసులంటే పాత రికార్డింగ్‌ని సరిగ్గా పది గంటలకు ప్లే చేయడం. చాట్‌లో ప్రశ్న రాస్తే ఎవరూ పలకరు. తెరమీదాయన మాత్రం ‘గుడ్ ఈవెనింగ్’ అంటాడు, పొద్దున పదింటికి.

మూల్యాంకనం మీద నాకు అనుమానం వచ్చింది. సైన్స్ టీచర్ని కదా, ప్రయోగం చేసి చూశాను. పాఠ్య ప్రణాళిక అప్‌లోడ్ చేయమన్న చోట మధ్యాహ్న భోజనం రిజిస్టర్ పేజీ ఫోటో పెట్టాను. గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని, హాజరు ఎంత. రెండు రోజుల తర్వాత నూటికి తొంభై మార్కులు, పక్కన ‘అద్భుతంగా చేశారు, ఇదే స్ఫూర్తి కొనసాగించండి’. ఆ స్క్రీన్‌షాట్ తర్వాత నా ఫిర్యాదులో అన్నిటికంటే బాగా పనికొచ్చింది.

డబ్బు వెనక్కి ఇవ్వమంటే రెండు జవాబులిచ్చారు. ఒకటి, ఏడు రోజుల గడువు దాటింది. ఆ ఏడు రోజులు డబ్బు కట్టిన రోజు నుంచి లెక్క, లాగిన్ వచ్చిన రోజు నుంచి కాదు. ఆరు రోజులు లాగిన్ ఇవ్వకపోవడం వెనుక లెక్క అప్పుడు అర్థమైంది. రెండు, మీరు కంటెంట్ తెరిచారు కాబట్టి రీఫండ్ వర్తించదు. అంటే తెరవకుండా బాగోలేదని ఎలా చెప్పాలి, తెరిచాక ఎలా వెనక్కి అడగాలి? ‘అక్కా’ అన్న అబ్బాయి నంబర్ అప్పటికే స్విచ్చాఫ్.

యూనివర్సిటీకి మెయిల్ రాశాను. వాళ్లు పాపం మర్యాదగానే జవాబిచ్చారు: ఆ కోర్సు తమది కాదు, ఆ డిప్లొమా తాము ఇవ్వరు, ఎప్పుడో ఒక వర్క్‌షాప్‌కి మాత్రం కలిసి పనిచేశారు. చివరికి ఇచ్చేది కంపెనీ సొంత ‘కంప్లీషన్ సర్టిఫికెట్’. ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఎంఈవో ఆఫీసులో చూపిస్తే నవ్వుతారు.

బ్యాంకుకు వెళ్లి ఆటో డెబిట్ ఆపించేద్దామనుకున్నాను. మేనేజర్ గారు మంచాయన, కూర్చోబెట్టి చెప్పారు. ఆపించొచ్చు, కానీ అప్పు రద్దు కాకుండా కిస్తీ ఆగితే అది ఎగవేత కింద సిబిల్‌లో, అంటే మన అప్పుల రికార్డులో, పడుతుంది, బౌన్స్ ఛార్జీలు వేస్తారు, రేపు ఇంటి లోనుకు వెళ్తే అదే అడ్డమవుతుంది అన్నారు. అందుకే కిస్తీలు కడుతూనే పోట్లాడాను. కోపంలో ముందు ఈఎంఐ ఆపేయకండి. నాకైతే ఈ సలహా చాలా మేలు చేసింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. అప్పటిదాకా ఆటోమేటిక్ మెయిళ్లు తప్ప పంపని కంపెనీ, అక్కణ్నుంచి నోటీసు వెళ్లాక మనిషితో ఫోన్ చేయించింది. నలభై శాతం ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నారు. ఒప్పుకోలేదు. ఇంకోవైపు ఫైనాన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా రాశాను: ఇది అప్పు అని నాకు చెప్పలేదు, రుణ వివరాల పత్రం ముందుగా చూపించలేదు, ఓటీపీ సీటు కోసమని తీసుకున్నారు, కాల్ రికార్డింగ్ ఇదిగో. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పు ఇచ్చేముందు మొత్తం ఖర్చు తెలిపే పత్రం ఇవ్వాలి. తీసుకున్నాక మనసు మారితే పెనాల్టీ లేకుండా బయటపడేందుకు కొంత గడువూ ఉండాలి. ఆ గడువు వాడుకోవాలంటే అసలు అప్పు చేశామని తెలియాలి కదా! ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి, వెళ్లొచ్చు, ఖర్చేమీ లేదు. వెళ్తానని రెండో ఉత్తరంలో రాశాను. ఐదో కిస్తీకి ముందు అప్పు మూసేస్తున్నట్టు మెయిల్ వచ్చింది. 48 వేలు తప్పాయి, కట్టిన నాలుగు కిస్తీలు, 24 వేలు, పోయాయి. బాకీ లేదన్న పత్రం అడిగి మరీ తీసుకున్నాను. రెండు నెలలాగి సిబిల్ రిపోర్టులో అప్పు మూసినట్టు ఎక్కిందో లేదో కూడా చూసుకున్నాను. మీరూ చూసుకోండి.

గెలవడానికి కారణం ఆ కాల్ రికార్డింగే. నా ఫోన్లో ఆటోమేటిక్ రికార్డింగ్ ఉందన్న సంగతి నాకే గుర్తులేదు. మా అబ్బాయి వెతికి తీశాడు.

డబ్బు కట్టకముందు నేను చేయాల్సిన పని ఐదు నిమిషాలది. పీజీ డిప్లొమా లేదా డిగ్రీ ఆన్‌లైన్‌లో ఇవ్వాలంటే ఆ యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉండాలి, ఏ కోర్సుకు ఉందో కూడా యూజీసీ దూరవిద్యా బ్యూరో, అంటే డెబ్, సైట్‌లో కనబడుతుంది. ఇప్పుడైతే నిజమైన దూరవిద్య, ఆన్‌లైన్ అడ్మిషన్‌కి విద్యార్థి డెబ్ ఐడీ సృష్టించుకోవాలి. నన్ను పాన్, ఆధార్, సెల్ఫీ అన్నీ అడిగారు, డెబ్ ఐడీ మాత్రం అడగలేదు. తమ ఆన్‌లైన్ కోర్సులను ఎడ్‌టెక్ కంపెనీలకు ఫ్రాంచైజీ ఇవ్వకూడదని యూజీసీ 2022 జనవరిలోనే యూనివర్సిటీలను హెచ్చరించింది. అంతకు నెల ముందు, 2021 డిసెంబర్‌లో, కేంద్ర విద్యాశాఖ కూడా ఎడ్‌టెక్ కంపెనీల విషయంలో జాగ్రత్తలు చెబుతూ ఆటో డెబిట్ ఒప్పుకోవద్దని అంది. పిల్లల తల్లిదండ్రులకు ఇది మేమే చెప్పాల్సింది. నేనేమో వరండాలో నిలబడి ఓటీపీలు చదివాను.

ఇంకో చిట్కా, ఇది నా సొంతం. ఎవరైనా ఎడ్‌టెక్ కోర్సు అమ్మబోతే సిలబస్ పీడీఎఫ్ పంపమనండి. అందులో జామ్‌బోర్డు, ఎడ్మోడో, ఫ్లాష్ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ కోర్సును ఎవరూ కొన్నేళ్లుగా ముట్టుకోలేదని లెక్క. అలాగే ఫీజు ఎవరి ఖాతాకు వెళ్తోందో అడగండి. యూనివర్సిటీ పేరు చెప్పి కంపెనీ ఖాతా నంబర్ ఇస్తే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

ఆ పాఠాల వీడియోల్లో సగం ఎక్కణ్నుంచి తెచ్చారో కూడా తర్వాత తెలిసింది. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్ల మీద తమ లోగో అంటించారు. భౌతిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది, పూర్తిగా ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఫ్లాష్ అక్కర్లేదు, ఫైల్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకున్నా ప్యానెల్ మీద నడుస్తాయి. మా బడిలో నెట్ సంగతి తెలిసినవాళ్లకి ఇదెంత పెద్ద విషయమో తెలుసు. మొన్న పదో తరగతికి శ్రేణి, సమాంతర సంధానాలు దాంతోనే చెప్పాను. ఒక బల్బు తీసేస్తే రెండోది ఆరుతుందా లేదా అని ముందు చేతులెత్తించి, తర్వాత పిల్లల చేతే తీయించాను. ల్యాబ్‌లో ఉన్న రెండు అమ్మీటర్లతో అదే మళ్లీ నిజంగా చేయించాను. ప్రయోగశాల విధానాలకు అమృత విశ్వవిద్యాపీఠం, ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ అనే ఆన్‌లైన్ ల్యాబ్ ఉంది. పద్ధతిగా చదవాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి రాయాలి. ఎన్‌సీఈఆర్‌టీ వారి విద్యా సాంకేతిక విభాగం సీఐఈటీ ఆన్‌లైన్ శిక్షణలు పెడుతుంటుంది. పీజీ డిప్లొమాయే కావాలంటే ఇగ్నోలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ కోర్సు ఉంది, అడ్మిషన్లు ఎప్పుడో ఇగ్నో సొంత సైట్‌లోనే చూసుకోండి, మధ్యలో ఎవరి లింకూ నొక్కకండి.

పోయిన 24 వేల కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు వేశాను. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు. ఇదే రకం కోర్సులో ఇరుక్కున్న టీచర్లెవరైనా ఉంటే బ్రోచర్, కాల్ రికార్డింగ్, చెల్లింపు మెసేజ్‌లు చెరిపేయకండి. కిస్తీ తేదీ దగ్గరపడుతుంటే ముందు ఫైనాన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి, ఈ రాత్రికే.