విజయవాడ ఆటోనగర్‌లో కారు సామాను: ఏది పాతది కొనవచ్చు, ఏది కొనకూడదు

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కారు మరమ్మతు ఖర్చు తగ్గించుకోవాలనుకునే వారికి ముందుగా వినిపించే సలహా విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు వెళ్లమని. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఇదొకటని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అయితే ఇక్కడ రాజ్యం లారీలది. బాడీ కట్టే షెడ్లు, కమాన్ పట్టీల దుకాణాలు, లేత్ పనివాళ్ల మధ్య కార్ల సామాను కొట్లను వెతుక్కోవలసిందే.

ఈ బజారులో బేరం కంటే పార్టు నంబరే ఎక్కువ డబ్బు మిగులుస్తుందని నా అభిప్రాయం. ఒకే మోడల్ కారులో ఏడాదిని బట్టి, వేరియంటును బట్టి విడిభాగాలు మారుతుంటాయి కనుక, ఆర్సీలోని ఛాసిస్ నంబరును, పాత భాగం మీద అచ్చైన నంబరును ఫొటో తీసుకుని వెళ్లాలి. వీలైతే ఆ పాత భాగాన్నే సంచిలో వేసుకుని వెళ్లడం ఇంకా మంచిది. నంబరు చెప్పి అడిగిన వారికి ఒక ధర, ‘స్విఫ్టుకు ఒక లైటు కావాలి’ అన్నవారికి మరో ధర పలకడం ఇక్కడ వింతేమీ కాదు.

కారు కంపెనీ ప్యాకెట్‌లో వచ్చే సరుకు నమ్మకమైనదే కానీ ధర ఎక్కువ. నిజమైన ఆదా, ఆ కంపెనీలకు విడిభాగాలు సరఫరా చేసే తయారీదారులు తమ సొంత పేరుతో అమ్మే సరుకులో ఉంది. మారుతీ కార్లకు లైట్లు అందించే లూమాక్స్, ఏసీ భాగాలు అందించే సుబ్రోస్ ఇందుకు ఉదాహరణలు. రెండు డబ్బాల్లోని వస్తువులూ అచ్చంగా ఒకటేనని ఎవరూ హామీ ఇవ్వరు గాని, ఫిల్టర్లు, వైపర్లు, బల్బుల వంటి వాటికి కారు కంపెనీ ముద్ర కోసం అదనంగా చెల్లించడం నాకు అనవసరమనిపిస్తుంది.

పాత బండ్లను కోసి విప్పిన సామానులో తలుపులు, అద్దాలు, బంపర్లు, హెడ్‌ల్యాంపులు నిస్సంకోచంగా కొనవచ్చు. ‘కంపెనీదే సార్, బండి మీద నుంచి దించిందే’ అంటూ కొట్టువాడు హెడ్‌ల్యాంపును ముందువైపు తిప్పి చూపిస్తాడు. మనం వెనక్కి తిప్పి చూడాలి. బిగింపు చెవుల్లో ఒకటైనా విరిగి, ఎం-సీల్‌తో అతికించి, పైన నల్లరంగు పూసి ఉంటే, అది మొదటి గతుకుల రోడ్డు మీదే ఊగడం మొదలుపెడుతుంది. గాజు లోపలి అంచున తేమ మరకలు ఉన్నాయంటే సీలు పోయినట్టు. అక్కడే బ్యాటరీకి కలిపి వెలిగించి చూపమంటే చాలామంది కాదనరు. బ్రేకు ప్యాడ్లు, స్టీరింగు భాగాలు, టైమింగ్ బెల్టు, ఎయిర్‌బ్యాగులు మాత్రం ఎంత చవకగా ఇచ్చినా పాతవి ముట్టుకోకూడదు.

ఈ బజారులో నాకు నచ్చనిది బిల్లుల వ్యవహారం. ఒక కొట్టులో బిల్లు అడిగితే తెల్లకాగితం మీద మొత్తం మాత్రమే రాసి ఇచ్చారు. దానితో వస్తువు వెనక్కి ఇవ్వడం కుదరదు, వారంటీ అసలే అడగలేము. కొత్త సరుకుకైతే జీఎస్టీ బిల్లు తప్పక అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక, అంతకుముందు ముద్రించిన ఎంఆర్‌పీతో ప్యాకెట్ కనిపిస్తే తగ్గిన ధరకే ఇమ్మనాలి. టైరు కొనేటప్పుడు దాని పక్కగోడ మీది చివరి నాలుగు అంకెలు చదవాలి. 2324 అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైనదని అర్థం. బ్యాటరీకి వెళ్లేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకువెళితే, అందులోని సీసానికి విలువ కట్టి ధరలో తగ్గిస్తారు.

సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి మాత్రం ఈ చుట్టుపక్కల బ్రోకర్ల మాటను నేను సిఫారసు చేయను. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద వచ్చిన ఆంక్షల వలన అక్కడి కార్లు తక్కువ ధరకు ఇక్కడికి వస్తుంటాయి. అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవడం, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టడం, రిజిస్ట్రేషన్ మార్పించడం కలుపుకొంటే ఆ చవకలో చాలా భాగం కరిగిపోతుంది. ఏ కారైనా బయానా ఇచ్చేముందు రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో ఫైనాన్స్ బాకీని, పెండింగ్ చలాన్లను చూసుకోవాలి. ఇక బీమాలోని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండికి కాదు, యజమానికి చెందుతుంది. పాత కారు అమ్మేవారు బీమా సంస్థ నుంచి ఆ ధ్రువపత్రం తీసుకుంటే, తమ తర్వాతి కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (సొంత బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలో) 20 నుంచి 50 శాతం వరకు తగ్గింపు పొందవచ్చు. ‘బోనస్ కూడా బండితోపాటే వస్తుంది సార్’ అని బ్రోకరు చెప్పే మాటకు ధర పెంచి ఇవ్వవలసిన పని లేదు.