సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ కొంటున్నారా? చేతిలో ట్యూనర్ లేకుండా వెళ్లకండి

హైదరాబాద్‌లో పాత బేస్ గిటార్ కోసం వెతుకుతున్నవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. గత నెల 34 వేలు పెట్టి ఒకటి కొన్నాను. ఇప్పుడది నెక్ (తీగలు నొక్కే పొడుగు మెడ) విడిగా, బాడీ విడిగా రిపేరు చేసే పెద్దాయన గదిలో ఉంది. అమ్మినతను నా ఫోన్ ఎత్తడం లేదు. నగదు ఇచ్చాను, రసీదు లేదు, కాబట్టి ఎవరికి చెప్పుకున్నా నన్నే తిడతారు.

నేను పెద్ద వాయిద్యకారుణ్ణేం కాదు. ఆఫీసు నుంచి వచ్చాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓ గంట వాయించుకుంటాను. నెలకోసారి నలుగురు స్నేహితులం కలుస్తాం. ఆరేళ్లుగా ఒక చౌక బేస్‌తో నెట్టుకొస్తున్నా, మనసంతా జాజ్ బేస్ అనే మోడల్ మీదే. నావి పొట్టి వేళ్లు. జాజ్ బేస్ నెక్ పై చివర, తీగలు ఆనే నట్ దగ్గర 38 మిల్లీమీటర్లే ఉంటుంది, ప్రెసిషన్ బేస్ అనే ఇంకో మామూలు మోడల్ కంటే సన్నం. నాకు అది పట్టుకుంటే చాలు, సగం వచ్చేసినట్టే అనిపిస్తుంది. (సగం రాదు. అది వేరే సంగతి.)

అలాంటి సమయంలో ఒక ప్రకటన కనిపించింది. పేరున్న కంపెనీది, మెక్సికోలో తయారైన జాజ్ బేస్, 38 వేలు. కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు. ఫోటోలో వెనక ఆకుపచ్చ గోడ, వెదురు తెర. మల్కాజిగిరిలో ఒక అపార్ట్‌మెంట్. వెళ్తే పాతికేళ్ల కుర్రాడు, చాలా మర్యాదగా, "రాండన్నా, చాయ్ తాగుతారా" అంటూ కూర్చోబెట్టాడు. ఆర్కెస్ట్రాలో వాయిస్తాడట, అయిదు తీగల బేస్‌కి మారుతున్నాడట.

ముందు తనే వాయించి చూపించాడు. బాగా వాయించాడు, అందులో అబద్ధం లేదు. తర్వాత నా చేతికిచ్చాడు. తీగలు వేళ్ల కింద వెన్నలా ఉన్నాయి. నా పాత బేస్ మీద చెమట పట్టించే లైన్లు దీని మీద అలవోకగా వచ్చేశాయి. నేను అక్కడే పడిపోయాను.

ఆ మాట బయటికి రానీకుండా తెలివిగా బేరం మొదలుపెట్టాను. ఒక పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) వాల్యూమ్ తగ్గించగానే యాంప్‌లో 'హుమ్మ్' అని మోత వచ్చింది. "ఇదేంటి, వైరింగ్ పోయిందా?" అన్నాను. అతను కాసేపు మొహమాటపడి నాలుగు వేలు తగ్గించాడు. ఎంత పొంగిపోయానో! అసలు సంగతేమిటంటే, మామూలు జాజ్ బేస్‌లో ఆ మోత సహజం. దాని రెండు పికప్‌లూ సింగిల్ కాయిల్‌వి, అంటే ఒక్కోదానికి ఒక్కటే తీగచుట్ట. ఒకదానికొకటి తిరగేసి చుట్టి ఉంటాయి కాబట్టి రెండూ సమానంగా తెరిస్తే మోత కొట్టేసుకుపోతుంది, ఒకటి తగ్గిస్తే మళ్లీ వస్తుంది. ఆ సంగతి అతనికి తెలిసే ఉంటుంది. లేని లోపానికి తగ్గింపు ఇచ్చి, ఉన్న లోపం నుంచి నా చూపు మళ్లించాడు.

ఇంటికొచ్చి ట్యూనర్ (తీగ ఏ స్వరం పలుకుతోందో చూపేది) పెట్టాను. లావు తీగ 'ఈ' పలకాలి. 'డీ' పలుకుతోంది. మిగతా మూడూ అంతే, సరిగ్గా రెండు మెట్లు (రెండు అర స్వరాలు) కింద. ఫోన్ చేస్తే "సింగర్ శ్రుతి కోసం దించానన్నా, ఎక్కించుకోండి" అన్నాడు. మన దగ్గర ఈ మాట ఎవరైనా నమ్ముతారు, పాడేవాళ్ల గొంతును బట్టి శ్రుతి మార్చుకోవడం మనకు అలవాటే కదా. ఎక్కించాను. వెన్న కాస్తా రాయి అయింది. తెల్లారి చూస్తే ఇంకా ఘోరం, ఏడో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర తీగ నొక్కాలంటే బొటనవేలు నొప్పి పుడుతోంది.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, మోసమంతా ఇందులోనే ఉంది. మామూలు మందం తీగలు సరైన శ్రుతిలో ఉంటే నాలుగూ కలిసి నెక్‌ని 70-80 కిలోల బరువుతో ముందుకు లాగుతుంటాయి. దాన్ని వెనక్కి పట్టి ఉంచేది నెక్ లోపలి ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ. వానాకాలంలోనో ఎండాకాలంలోనో చెక్క కదిలితే, ఆలెన్ కీతో ఆ కడ్డీ నట్‌ని పావు చుట్టు తిప్పి సరిచేసుకుంటాం. నా బేస్‌లో ఆ నట్ చివరిదాకా బిగిసిపోయి ఉంది. ఇక తిరగదు. పైగా అంగుళాల కీ పెట్టాల్సిన చోట ఎవరో మిల్లీమీటర్ల కీ పెట్టి తిప్పి మూలలు అరగదీశారు. అంటే లాగే బలం ఉంది, ఆపే బలం లేదు. నెక్ ముందుకు వంగి, తీగలు దాని మీద నుంచి ఎత్తుకి లేస్తాయి.

మరి ఆ రోజు నెక్ ఎందుకు సరిగ్గా కనిపించింది? తీగని రెండు మెట్లు దించితే లాగుడు దాదాపు అయిదో వంతు తగ్గిపోతుంది. దానికి తోడు సన్నరకం తీగలు వేశాడు. బాడీ మీద తీగలు బిగించే బ్రిడ్జ్‌లో, తీగల ఎత్తు మార్చే శాడిళ్లన్నీ అట్టడుగుకి దించేశాడు. ఈ మూడూ కలిస్తే వంగిన నెక్ కూడా ఓ గంటసేపు పెళ్లికొడుకులా నిలబడుతుంది. ఆ గదిలో కీబోర్డు గానీ ఇంకో గిటార్ గానీ లేవు. పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు రెండు మెట్ల తేడా నాలాంటి చెవికి తెలియదు.

రెండోసారి ఫోన్ చేస్తే వానలన్నా, చెక్క ఊరింది అన్నాడు. మూడోసారి ఏకంగా అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌ని తీసుకొచ్చాడు. "అంత పెద్దాయన బేస్ మీద కూడా తీగలు ఎత్తులోనే ఉండేవన్నా." నిజమే అనుకోండి. కానీ ఆయన మోటౌన్ రికార్డుల మీద ఒక్క చూపుడువేలితో వాయించి ప్రపంచాన్ని ఒప్పించాడు. నాకు ఉన్న వేళ్లన్నీ కలిపినా చాలడం లేదు. నాలుగోసారి నంబరు బ్లాక్.

రిపేరు చేసే పెద్దాయన చూసి చెప్పింది ఇది. నట్ తీసి కింద వాషర్ వేస్తే కొంచెం తిరిగే జాగా దొరకొచ్చు. వేడి పెట్టి బిగించి నెక్‌ని వెనక్కి వంచే ప్రయత్నం చేయొచ్చు, కానీ ఆర్నెల్లకు మళ్లీ మొదటికి రాదని హామీ ఇవ్వనన్నారు. కొత్త నెక్ వేస్తే ఖాయంగా బాగుపడుతుంది, అయితే దాని ఖర్చూ నేను పెట్టినదీ కలిపితే ఇంకాస్త వేసుకుని కొత్త బేసే కొనుక్కోవచ్చు. ప్రస్తుతం వాషర్ దగ్గర ఆగాం.

కాబట్టి మీరు వెళ్తే, వాయించడానికి ముందు మీ ట్యూనర్ తగిలించి మీరే శ్రుతి చేయండి. ఫోన్‌లో ఉచితంగా దొరికేదైనా చాలు. శ్రుతి ఎక్కించాక వెంటనే చూడొద్దు, చాయ్ ఇస్తే తాగండి, ఇరవై నిమిషాలు పోనివ్వండి. అప్పుడు ఒక తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టుకుని, ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర కింద ఎంత సందు ఉందో చూడండి. విజిటింగ్ కార్డు పట్టేంత ఉంటే మంచిది. నా దాంట్లో రూపాయి బిళ్ల దూరింది.

శాడిళ్లు బ్రిడ్జ్ ప్లేటుకి ఆనుకుని, వాటి మరలు ముళ్లలా పైకి పొడుచుకుని ఉంటే ఎందుకని అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, ట్రస్ రాడ్ నట్‌ని పావు చుట్టు వదులు చేసి మళ్లీ బిగించి చూపించమని అమ్మేవాళ్లనే అడగండి. మీరు తిప్పితే ఏదైనా అయితే మీ మీదకొస్తుంది. "వద్దన్నా, సెట్టింగ్ పోతుంది" అంటే చెప్పులు వేసుకుని వచ్చేయండి. తిరిగే నట్ ఉన్నవాడికి పావు చుట్టుతో పోయేదేమీ లేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం ఒకటే వస్తున్నాయా అన్నది కూడా ట్యూనర్‌లోనే తెలిసిపోతుంది.

పాట్‌లు (వాల్యూమ్, టోన్ తిప్పేవి) గరగరమంటే భయపడొద్దు, స్ప్రే కొడితే పోతుంది. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే 9 వోల్టుల బ్యాటరీ మీది మీరు తీసుకెళ్లండి. చూడకుండా యూపీఐలో అడ్వాన్స్ పంపకండి, ఇది మీకు తెలిసిందే. పాత బేస్ కొనడమే తప్పని మాత్రం నేననను. నా మొదటి బేస్ కూడా పాతదే, తొమ్మిది వేలకు కొన్నాను, ఈ రోజుకీ దాని నట్ తిరుగుతోంది.

ఈ మాటలన్నీ ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. నిన్న ఇంకో ప్రకటన కనిపించింది. అయిదు తీగల బేస్, 52 వేలు. అమ్మేవాడి పేరు మారింది, నంబరు మారింది, ఆకుపచ్చ గోడా వెదురు తెరా మారలేదు. ఈసారి వీడియో కూడా పెట్టాడు. మొదట్లో అయిదు తీగలూ ఒక్కొక్కటిగా మీటాడు. ఫోన్ పక్కన ట్యూనర్ పెట్టి విన్నాను. 'బీ' పలకాల్సిన లావు తీగ 'ఏ' పలుకుతోంది.